క్రోస్‌నిష్ హాలు తాళంచెవి

డోలీనా ఊరి హాలు తాళంచెవి తిరిగి ఇచ్చేసి ఈ నవంబరుకి ఏడాది. మోకాళ్ళ నొప్పులని చెప్పింది, ఊరంతా నమ్మింది. మోకాళ్ళకేం, ఇప్పటికీ చర్చి దగ్గరి ఎత్తు నాకంటే ముందే ఎక్కేస్తుంది. అసలు సంగతి తెలిసినవాళ్ళం నలుగురమే. ఆవిడా, నేనూ, ఇప్పుడు ఊళ్ళో లేని ఒక పిల్లా, ఊళ్ళో ఉండీ లేనట్టుండే ఆ పిల్ల తండ్రీ.

నేను మర్డోని. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఈ దీవిలోని క్రోస్‌నిష్‌లో ఉత్తరాలు పంచాను. ఎవరింటికి ఏం వస్తుందో, ఎవరింటికి ఏళ్ళ తరబడి ఏమీ రాదో, నాకు తెలిసినంత మా పాస్టరుకి కూడా తెలియదు. డోలీనా నాకంటే రెండేళ్ళు పెద్ద. పదిహేడో ఏట ఆవిడకి గ్లాస్గోలో నర్సు చదువుకి సీటొచ్చింది. నెల తిరగకుండా తల్లి పక్షవాతంతో మంచాన పడింది. సర్దుకున్న పెట్టె విప్పేసి పంతొమ్మిదేళ్ళు తల్లికి చేసింది. తల్లి పోయాక కొన్నాళ్ళు చేపల ఫ్యాక్టరీలో, ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు హాలు తాళాలూ, సభలూ, టీలూ చూసుకుంటూ. ఆ పంతొమ్మిదేళ్ళ చాకిరీకి ఈ ఊరు ఆవిడకి ఇచ్చింది "మంచిపిల్ల" అన్న ఒక్క మాట. అదీ తల్లిని పూడ్చిన రోజున, టీ తాగుతూ.

నోరు మాత్రం మంచిది కాదు. హాలులో కుర్చీ ఈడ్చినవాడి పని ఆ పూటకి అయిపోయినట్టే. "మీ ఇంట్లో నేలైతే ఇలాగే ఈడుస్తావా, లేక ఎత్తి పెడతావా?" అని నలుగురిలోనూ అడిగేసేది. కానీ ఎవరికి ఎన్ని చెంచాల చక్కెరో, ఎవరికి నడుం నొప్పో, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదో, అంతా ఆవిడ బుర్రలోనే ఉండేది.

కొండ మీద కరెంటు తీసే మా ఊరి గాలిమర తిరగడం మొదలెట్టాక, దాని రాబడిలోంచి ఊరి కమిటీ ఏటా ఒకరికి చదువు గ్రాంటు ఇస్తోంది. మార్కులు చూడరు. ఊరికి ఏం చేశావన్నదే చూస్తారు. ముసలివాళ్ళ పొయ్యిలోకి, చిత్తడి నేలలోంచి కోసి ఎండబెట్టిన పీటు గడ్డలు మోయడం, భోజనాల వ్యాను తోలడం, అలాంటివి. మొదటి ఏడాది చెక్కు పోస్టులో వెళ్ళింది, నేనే తలుపు సందులో వేశాను. డోలీనా కమిటీ మీదికి విరుచుకుపడింది. "తలుపు సందులో వేయడానికి అదేమన్నా కరెంటు బిల్లా? నలుగురి ముందూ చేతికివ్వాలి. చేసిన పని ఊరికి తెలియాలి." అలా మొదలైంది ఆగస్టు చివరి శుక్రవారం సభ. అందులో ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. కవరు ఇచ్చేది పెద్దమనుషులు కాదు. సేవ చేయించుకున్నవాళ్ళే ఇచ్చి, చెయ్యి కలపాలి.

ఇక టొర్కిల్ సంగతి చెప్పాలి. అతని పొలం కొండని ఆనుకునే ఉంది. గాలిమర రెక్కల నీడ తన ఇంటి మీద పడుతుందని భూముల కోర్టుకెక్కి, రెండేళ్ళు పని ఆపించాడు. చివరికి ఓడిపోయాడు. అది జరిగి ఎనిమిదేళ్ళు. ఎవరూ అతన్ని తిట్టలేదు, కొట్టలేదు. మా ఊళ్ళో వెలివేత అనే మాటే వినపడదు. దారిలో ఎదురుపడితే వాన గురించి రెండు ముక్కలు మాట్లాడతారు. గడప మాత్రం తొక్కరు. అతనూ ఎవరి గడపా తొక్కలేదు, హాలు మెట్లు ఎక్కలేదు. భార్య అంతకు ముందే పోయింది. మిగిలింది కూతురు ఇష్బెల్.

ఆ ఇష్బెల్ పదిహేనో ఏటి నుంచి, స్కూలు బస్సు రాకముందే హెక్టరీనా అవ్వ ఇంటికి వెళ్ళేది. అవ్వకి తొంభై ఒకటి, నా అన్నవాళ్ళెవరూ దగ్గర లేరు. పిల్ల బూడిద తీసి, పొయ్యి వెలిగించి, గంజి కాచి, అవ్వ మేజోళ్ళు తొడిగి బస్సెక్కేది. మూడేళ్ళలో ఒక్క ఉదయం మానలేదు. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు. నిరుడు జూన్‌లో దరఖాస్తు పెట్టించింది డోలీనాయే. పిల్లకి వచ్చిన సీటు కూడా నర్సు చదువుకే.

కమిటీ అధ్యక్షుడు ఫిన్లే ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసేశాడు.

"టొర్కిల్ కూతురికా? గాలిమరని రెండేళ్ళు తిరగనివ్వనివాడి ఇంటికి ఆ గాలిమర డబ్బే పంపుదామంటావా డోలీనా? వాడు నవ్వుకుంటాడు."

"నవ్వుకోనీ. వాడు నవ్వి ఎనిమిదేళ్ళయింది," అంది డోలీనా. "పోయినేడు మీవాడికిచ్చాం కదా. వాడు చేసిన సేవేంటి? ఫుట్‌బాల్ గ్రౌండులో సున్నం గీతలు గీశాడు. అవీ వంకరే."

అందరూ నవ్వారు. ఫిన్లే కూడా నవ్వక తప్పలేదు, సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక నా వ్యాను దగ్గర నిలబడి అసలు మాట చెప్పింది. "డబ్బు ఎలాగూ వస్తుంది మర్డో. నాకు కావలసింది అది కాదు. ఆ పిల్ల స్టేజీ మీద నిలబడాలి, టొర్కిల్ ముందు వరసలో కూర్చోవాలి, ఊరంతా చప్పట్లు కొట్టాలి. చప్పట్లు కొట్టినవాడు మర్నాడు దారిలో ముఖం తిప్పుకోలేడు. అది జరక్కుండా పిల్ల చదువుకని ఫెర్రీ పడవ ఎక్కిందంటే ఇక ఈ ఊరికి తిరిగి రాదు. టొర్కిల్ ఆ ఇంట్లో ఒక్కడే మిగిలిపోతాడు."

ఆ రెండు నెలలూ ఆవిడకి ఇదే ధ్యాస. టేబుల్ గుడ్డలు రెండుసార్లు ఇస్త్రీ చేసింది. టొర్కిల్ కుర్చీ ఎక్కడ వేయాలన్నదే పెద్ద సమస్య. మధ్యలో వేస్తే బెదిరిపోతాడు, వెనక వేస్తే అవమానం. చివరికి ముందు వరసలో, తలుపు వైపు చివరి కుర్చీ అని తేల్చింది. ఆగస్టు మూడో వారంలో ఇష్బెల్ హాలుకి పరుగెత్తుకుంటూ వచ్చి, "నాన్న వస్తానన్నాడు డోలీనా అత్తా," అని చెప్పిందట. ఆ సాయంత్రం డోలీనా నాకు తన చేత్తో కేకు కోసి పెట్టింది. నలభై ఏళ్ళ స్నేహంలో అంత పెద్ద ముక్క ఎప్పుడూ పెట్టలేదు.

సభ ఇంకా నాలుగు రోజులుందనగా, సోమవారం, డోలీనా అవ్వని చూడ్డానికి వెళ్ళింది. ఉత్తరాలతో నేనూ అక్కడే ఉన్నాను. ఇష్బెల్ వెనక గదిలో పీటు పేరుస్తోంది. కవరు అవ్వే ఇవ్వాలి కాబట్టి, కారులో ఎలా తేవాలి, మెట్లు ఎలా ఎక్కించాలి అని డోలీనా లెక్కలు వేస్తోంది.

"నేను శుక్రవారం దాకా ఉంటానో లేదోనే," అంది అవ్వ.

"ఊరుకో అవ్వా. మా అందర్నీ పూడ్చి గానీ నువ్వు పోవు."

"ఎగతాళి ఆపి విను. నేను ముందే పోతే హాలు మూసేయకు. నన్ను చూసుకున్నందుకు ఇచ్చేదాన్ని, నేను చచ్చానని ఆపుతారటే? నన్ను తీరిగ్గా పూడ్చుకోండి, నాకేం తొందర లేదు. పిల్లకి ఫెర్రీ ఉంది."

"సరేలే అవ్వా."

"సరేలే కాదు. మాటివ్వు."

డోలీనా ఆ ఎండిపోయిన చేతిలో చెయ్యి వేసింది. "ఇచ్చాను. ఇక టీ తాగు, చల్లారిపోతోంది."

వెనక గదిలో పీటు పేర్చే చప్పుడు ఆగడం నేను గమనించాను. పిల్ల కూడా వింది.

బుధవారం ఉదయం ఇష్బెల్ పొయ్యి వెలిగించి, మేజోళ్ళు తొడుగుదామని వెళ్తే, అవ్వ పాదాలు చల్లగా ఉన్నాయి.

మా ఊళ్ళో చావు జరిగితే పూడ్చేదాకా హాలు తెరవరు. పెళ్ళి విందైనా ఆగుతుంది, పిల్లల ఆటైనా ఆగుతుంది. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఎవరో ఒకరు కొట్టేసేవారేమో. ఇంకొకటి, ఆపేశామని ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పారంటే అవతలివాడికి ఆ మాత్రం మర్యాద తెలియదనుకున్నట్టు. కాబట్టి శుక్రవారం సభ లేదని కమిటీ చెప్పలేదు, హాలు తలుపు మీద కాగితం అంటించలేదు. అందరికీ తెలుసు.

అవ్వని పూడ్చేది శనివారం. పూడ్చిన పూట చప్పట్లు కొట్టలేం. ఆదివారం మా ఊళ్ళో ఉతికిన బట్ట కూడా ఆరేయరు. సోమవారం తెల్లవారగానే ఫెర్రీ.

గురువారం డోలీనా దారిలో నా వ్యాను ఆపింది. రాత్రంతా నిద్రపోలేదని ముఖమే చెబుతోంది.

"అవ్వ అన్న మాట నువ్వూ విన్నావుగా మర్డో. పెద్దలకి చెప్పి చూస్తే?"

"ఏమంటారో నీకు తెలియదా? శవం ఇంట్లో ఉండగా, చచ్చినావిడ మాట అడ్డం పెట్టుకుని పండగ చేస్తున్నారంటారు. అదీ టొర్కిల్ కూతురి కోసం," అన్నాను.

ఆవిడ వ్యాను మీంచి చెయ్యి తీసేసి వెళ్ళిపోయింది. ఊళ్ళో ఎవరూ ఆ మాట అనలేదు. అడిగి ఉంటే అనేవారో కాదో కూడా తెలియదు. అందరి తరఫునా ముందే అన్నది నేను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

శుక్రవారం ఉదయం టొర్కిల్ ఇంటికి ఏదో ప్రభుత్వం కాగితం వస్తే ఇవ్వడానికి వెళ్ళాను. దండెం మీద నల్ల సూటు ఆరేసి ఉంది. పెట్టెలో మగ్గిన వాసన పోవాలని కాబోలు. అవ్వ అంత్యక్రియలకి వస్తున్నాడన్నమాట, మంచిదే అనుకున్నాను.

"ఈ గాలికి మధ్యాహ్నానికల్లా వాసన పోతుంది టొర్కిల్."

"ఆ, సాయంత్రానికి సరిపోతుంది," అన్నాడు. ముఖంలో నవ్వులాంటిది కూడా కనిపించింది. సాయంత్రం అవ్వ ఇంట్లో ఎనిమిదింటికి ప్రార్థన ఉంది. దానికి కూడా వస్తాడేమో, చావు మనిషిని మార్చిందనుకుని వ్యానెక్కాను.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. ఎనిమిదింటికి అవ్వ ఇంటికి ఊరంతా వచ్చింది. గ్లాస్గో నుంచి దిగిన అవ్వ అక్క కొడుకు తలుపు దగ్గర నిలబడి అందరి చేతులూ కలుపుతున్నాడు. టొర్కిల్ రాలేదు. ఇష్బెల్ కూడా రాలేదు. "పాపం అలిసిపోయి ఉంటుంది," అన్నారెవరో. గోడవార కూర్చున్న డోలీనా, అందరూ కీర్తన పాడుతున్నప్పుడు, పెదాలు కదపలేదు.

శనివారం వానలోనే తీసుకెళ్ళాం. మగవాళ్ళం రెండు వరసలు కట్టి, నాలుగేసి అడుగులు ఒకరి తర్వాత ఒకరం భుజం మార్చుకుంటూ మోశాం. ఆడవాళ్ళు దారి పక్కనే ఆగిపోయారు. ఇష్బెల్ వాళ్ళకి కాస్త దూరంగా, ఒంటరిగా నిలబడింది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అవ్వ పొయ్యి వెలిగించని నేను నా వంతు మోసి, పక్కవాడికి చోటిచ్చాను. టొర్కిల్ రాలేదు.

పూడ్చి వచ్చాక హాలులో టీ. శుక్రవారం సభకని తెప్పించిన రొట్టెతోనే గుడ్డు శాండ్‌విచ్‌లు చేసింది డోలీనా. ఫిన్లే ఒకటి నోట్లో పెట్టుకుని మొదలెట్టాడు.

"చూశారా, చావుకి కూడా రాలేదు. కూతురు ఆవిడ పొయ్యి వెలిగించింది గానీ, తండ్రి నాలుగడుగులు మోయలేకపోయాడు. ఎనిమిదేళ్ళయినా పగ చావలేదు."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. డోలీనా కెటిల్ పట్టుకుని అక్కడే ఉంది. ఫిన్లే కప్పులో పోస్తున్న టీ పొంగి సాసర్లోకి, సాసర్లోంచి గుడ్డ మీదికి కారింది. ఆవిడ టీ ఒలకబోయడం నేను చూడటం అదే మొదలు. తనే గుడ్డ మార్చింది.

సోమవారం పొద్దున్న ఆరింటికి నన్ను రేవుకి రమ్మంది. గ్రాంటు అందరి ముందూ ఇచ్చినట్టు ఫొటో ఉండాలని కమిటీ నియమం. ఆ నియమం పెట్టించిందీ ఆవిడే. కెమెరా నా చేతికిచ్చింది. తను కోటు కింద సభకని దాచిన నీలం గౌను వేసుకుంది. టొర్కిల్ కారు రేవు చివర ఆగి ఉంది. అతను దిగలేదు, అద్దం దించలేదు. ఇష్బెల్ పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఇష్బెల్, అవ్వ ఇవ్వాల్సింది," అంటూ కవరున్న చెయ్యి చాచింది డోలీనా. "శుక్రవారం కుదరలేదు. నీకు తెలుసుగా."

"తెలుసు అత్తా." కవరు తీసుకుంది. "శుక్రవారం మేమొచ్చాం."

డోలీనా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"మీరు అవ్వకి మాటిచ్చారుగా. నేను విన్నాను. సభ లేదని ఎవరూ చెప్పలేదు కూడా. ఆరింటికి సభ, ఎనిమిదింటికి ప్రార్థన, రెండూ అవుతాయి అనుకున్నాం. నాన్న సూటు వేసుకున్నాడు. హాలు తలుపు మూసి ఉంది, వంటగదిలో దీపం వెలుగుతోంది. ముందే వచ్చామేమో అన్నాడు నాన్న. తనే తలుపు తట్టాడు." పిల్ల గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది. "ఎనిమిదేళ్ళలో మా నాన్న తట్టిన తలుపు అదొక్కటే అత్తా. మూడోసారి తట్టాక దీపం ఆరిపోయింది."

ఫెర్రీ కూత వేసింది. ఏం చేయాలో తోచక కెమెరా ఎత్తాను. ఇష్బెల్ మర్యాదగల పిల్ల, కవరు కనపడేలా పట్టుకుని డోలీనా చెయ్యి అందుకుని నిలబడింది. నేను నొక్కాను. పిల్ల థాంక్స్ చెప్పి, కారు వైపు ఒకసారి చెయ్యూపి ఫెర్రీ ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

డోలీనా నా వ్యానులో కూర్చుని, తలుపు పిడి వదలకుండానే చెప్పింది.

"రొట్టె సర్దడానికి వెళ్ళాను మర్డో. కిటికీలోంచి వాళ్ళు రావడం కనిపించింది. సూటు వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వస్తున్నాడు. తలుపు తీస్తే హాలు తెరిచినట్టే. అవ్వ ఇంటికి దారి హాలు ముందు నుంచే, ప్రార్థనకి వెళ్ళేవాళ్ళెవరైనా చూస్తారు. పోనీ తీసి సభ లేదని చెబుదామంటే నోరు రాలేదు. మాటిచ్చింది నేనే కదా. నేను లేననుకుంటారని దీపం ఆర్పేశాను. సింకు పక్కన నేల మీద కూర్చున్నాను."

"వాళ్ళేమన్నారు?"

"పిల్ల ఏదో అంది. టొర్కిల్ 'పద' అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు." నీలం గౌను కనపడకుండా కోటు గుండీలు పెట్టుకుంది. "మా అమ్మకి పంతొమ్మిదేళ్ళు చేశాను, ఈ ఊరు నాకేమీ ఇవ్వలేదని కుళ్ళుకున్నాను. ఆ పిల్లకి నేనిచ్చింది ఇదీ."

ఊరడించకుండా వ్యాను తీశాను. ఆవిడకి అబద్ధాలు చెబితే పట్టేస్తుంది.

ఆ ఫొటో ఇప్పుడు హాలు గోడకి ఉంది. పక్కన మిగతా ఏళ్ళ ఫొటోలు. వాటిల్లో స్టేజీ, రంగు జెండాలు, వెనక యాభై తలకాయలు. ఇందులో ఇద్దరే. ఇద్దరూ నవ్వడం లేదు. "పొద్దున్నే కదా, చలి," అంటారు చూసినవాళ్ళు. టొర్కిల్ చావుకి కూడా రాలేదన్న మాట ఊళ్ళో స్థిరపడిపోయింది. ఎందుకు రాలేదో డోలీనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇష్బెల్ క్రిస్మస్‌కి రాలేదు, ఈస్టరుకి రాలేదు. నెలకొక ఉత్తరం మాత్రం తండ్రికి వచ్చేది. నేను ఉద్యోగం మానేదాకా నేనే ఇచ్చాను.

పిల్ల వెళ్ళిన మూడో నెల, నిరుడు నవంబరులో ఒక మధ్యాహ్నం అలాంటి ఉత్తరంతోనే ఆ దారిన వెళ్తున్నాను. టొర్కిల్ గడప ముందు డోలీనా నిలబడి ఉంది. చేతిలో గుడ్డ కప్పిన కేకు పళ్ళెం. వ్యాను దూరంగానే ఆపాను. పొగగొట్టంలోంచి పీటు పొగ వస్తోంది, కిటికీలో దీపం వెలుగుతోంది. ఆవిడ తట్టింది, ఆగింది, మళ్ళీ తట్టింది. మూడోసారి తట్టాక దీపం ఆరలేదు, తలుపూ తెరుచుకోలేదు. కేకు మెట్టు మీద పెట్టి, నా వ్యాను పక్కనించే తల దించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫిన్లే ఇంటికి వెళ్ళి తాళంచెవి ఇచ్చి, మోకాళ్ళ నొప్పులని చెప్పింది.